పెట్టుకునుడు, కట్టుకునుడు

హెల్మెట్ పెట్టుకున్నవా అని
పొద్దుగాల గేటుకాడ నిలబడి అడుగుతడు మా ఆయన.
పెట్టుకున్న అంట. అబద్ధమేం గాదు.
చీర కట్టుకుంటం, అంగి తొడుక్కుంటం,
పూలు పెట్టుకుంటం, బొట్టు పెట్టుకుంటం,
హెల్మెట్‌ను గుడ ఆ వరుసల్నే కలిపినం.
కట్టుకున్నవా అని
ఇన్నేండ్లల్ల ఒక్కలడిగిన్రా?

స్కూటీ మీద కాళ్ళ నడుమ టీకాల డబ్బ.
ఐసు ప్యాకులు లెక్కవెట్టి, మూత నొక్కి,
మల్లోసారి నొక్కి చూస్త.
మొఖానికి చున్నీ రెండు చుట్లు,
దాని మీద హెల్మెట్.
గదువ కింద పట్టీ ఉన్నదో లేదో
చున్నీ చాటున చర్మానికి ఎర్కనే గాదు.

చండూరు దాటినంక
మెడకాడ టప్ టప్ మని ఎవరో తట్టినట్టయింది.
గాలి అనుకున్న.
రాత్రికి రాత్రి పోసిన స్పీడ్ బ్రేకరు, తెల్లగీత లేదు.
బండి ఎగిరింది, నేను పడలే.
హెల్మెట్ పడ్డది.
నా తల నాకన్న ముందు డ్యూటీకి పోతున్నట్టు
రోడ్డు మీద దొర్లుకుంట దొర్లుకుంట
బత్తాయి తోట కంచె కింద దూరింది.

రాలిన కాయలు ఏరుతున్న అంతమ్మ
దాన్ని తీసి, బిందెలకు తొంగి చూసినట్టు
లోపటికి చూసింది. బోర్లించి దులిపింది.
వేలాడే పట్టీని పట్టుకొని
"పలుపున్నది గద బిడ్డా, కట్టలేదేంది?" అన్నది.
"పలుపు మెడలుంటె అయితదా, గుంజకు కట్టకపోతె
బర్రె ఆగుతదా?"
నవ్వబోయిన. మోకాళ్ళు వణుకుతున్నయి.
రెండు బత్తాయిలు హెల్మెట్ల వేసి చేతికిచ్చింది.

మధ్యాన్నం దవాఖానల టిఫిన్లు ఇప్పంగ
ఇదే ముచ్చట.
ల్యాబు ముత్తిలింగం: "నాది టక్కుమనే రకం.
ఆ టక్కే సాక్షి. ఇనవడలేదంటె పడలేదన్నట్టే."
మందులిచ్చే ఖాజా: "నాది పండ్ల పట్టీ.
కర్ర్ కర్ర్ మని ఒక్కో పన్ను ఎక్కుతది.
చలికాలం మఫ్లరున్నా సరే, ఎండకాలం చెమటకైనా సరే."
"దుమ్ము చొస్తె పండ్లు పట్టయ్."
"నీ టక్కు బటను ఇరిగితె?"
పప్పు చల్లారింది గని పంచాది తెగలే.
అంబులెన్సు బిచ్చపతి అప్పటిదాక మాట్లాడలే.
"నాది రెండు కడియాల రకం" అన్నడు.
"రెండిట్ల నుంచి పోనిచ్చి
ఒక్కదాంట్ల నుంచి మల్ల వెనుకకు గుంజాలె.
తొందరున్నోళ్ళ పని గాదు."
చాయ్ ఊదుకుంట ఊదుకుంట
"పట్టీలు మూడు రకాలేమొ.
నేను మోసిన తలలు రెండే రకాలు."
ఏ రెండని ఎవ్వరడగలే.
ఖాజా లేచి చేతులు కడుక్కోను పోయిండు.

మగ్గం మీద పోగు తెగితె మా అమ్మ
పక్కింటామెతోని మాట్లాడుకుంటనే అతుకేసేది,
చూడకుంట, వేళ్ళతోని.
నా గదువ నాకు కనవడదు.
ఇది గుడ వేళ్ళ పనే అనిపించింది.

నల్లగొండ గడియారం సెంటర్ల
కడియాలున్నది కావాలన్న.
"ఆడోళ్ళు ఇది కొనరు మేడం" అన్నడు దుకాణపాయన.
కొన్న.
మొదటి దినం అయిదు నిమిషాలు వట్టింది,
గోరు ఇరిగింది.
నాలుగో దినం చెయ్యి తిరిగింది.
ఆరో దినం
ఫోన్ల సూపర్‌వైజరు అరుస్తుంటె
మల్ల మర్సిపోయి సగం తొవ్వ పోయిన.
మర్సుడు గుడ వేళ్ళకు అలవాటున్న పనే.

రాత్రి మా ఆయనకు చెప్పిన,
రేపటి సంది మాట మార్చుమని.
తెల్లారి గేటుకాడ గట్టిగ అడిగిండు:
"కట్టుకున్నవా?"
పక్కింటి దుర్పతమ్మ చీపురు ఆపి
"కట్టుకున్నోడే కట్టుకున్నవా అంటుండేందమ్మా,
మంచిచీరనే గద!" అని పక్కున నవ్వింది.
నేను నవ్వలేదు. నవ్వితె గదువ కదులుతది,
పట్టీ కడియంల జారుతది.

గదువకు పట్టీకి నడుమ
రెండు వేళ్ళు పట్టాలన్నడు దుకాణపాయన.
పట్టినయి.
టీకాల డబ్బ మూత మల్లోసారి నొక్కి
కిక్కు కొట్టిన.